ఏడో పళ్ళెం

కౌనస్‌లో డిసెంబరు పగలు
గ్లాసులో టీ చల్లారేలోపు అయిపోతుంది.
మూడున్నరకే వీధి దీపాలు వెలిగే ఈ ఊళ్ళో
ఎండను పట్టే పొరలు తయారుచేస్తారు,
మా నడవా అవతలి గదిలో.

విటేనిస్ గాజుముక్క మీద నల్లటి పూత పూస్తాడు,
వెంట్రుకలో వందో వంతు మందం.
చెమ్మ తగిలిందా, పసుపెక్కిపోతుంది.
"దీనికి దాచుకోవడం రాదు" అంటాడు.
పాడైన ముక్కల్ని పారెయ్యడు,
వెనక తేదీ రాసి
కిటికీ గట్టు మీద వరసగా నిలబెడతాడు.

నా పని వేరు.
పరిశోధనా పత్రాల్లో బొమ్మలు చూస్తాను.
రాత చదవను, రాతకు మాటకారితనం ఉంటుంది.
ఒకే మచ్చ రెండుచోట్ల కనబడిందా,
ఒక గీత తలకిందులై మళ్ళీ వచ్చిందా,
వెనకున్న ఇసకలాంటి గరుకు
అతుకు దగ్గర ఉన్నట్టుండి నునుపైందా...
పదకొండేళ్ళుగా ఇదే.
నావల్ల ఒకాయనకు ఉద్యోగం పోయింది.
ఒకావిడ కొత్త సంవత్సరం కార్డు పంపింది,
లోపల ఒక్క అక్షరం రాయకుండా.

మొన్న కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది.
పరీక్షించడానికి పాత పత్రాలు కావాలన్నారు.
నవ్వుకుంటూ నావే వేశాను.

నాలుగో బొమ్మ.
సంతలో కొన్న పన్నెండు కోళ్ళు,
వాటి మాంసంలో దొరికిన సాల్మొనెల్లా,
పన్నెండు పళ్ళేలు, పళ్ళేనికి ఆరు మందుబిళ్ళలు.
పురుగు చచ్చినచోట
బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం,
చంద్రుడికి వరదగుడి కట్టినట్టు.
లొంగనిచోట గుడి లేదు, చంద్రుడొక్కడే,
అంచుదాకా పాకిన తెల్లటి గుంపు.

యంత్రం రెండు ఎర్ర చతురస్రాలు గీసింది.
మూడో పళ్ళెం. ఏడో పళ్ళెం.
రెండూ ఒకటే,
ఎడమ కుడైనంత తేడా.

మర్చిపోయానని చెప్పలేను.
ఇంక్యుబేటరు ఆగిపోయిన శనివారం అది.
ఏడో పళ్ళెం ఎండి, బీటలు వారి ఉంది.
కొలతలు శుక్రవారమే తీసుకున్నాను.
తీసుకున్నాననే గుర్తు.
ఆ నోటుబుక్కు ఇప్పుడు లేదు.
ఫొటో ఒక్కటే తక్కువ, సోమవారం గడువు.
అద్దం అబద్ధమాడదంటారు.
ఆ రాత్రి నేనే ఆడించాను,
ఒక మీట నొక్కి.

తేలు కుట్టిన దొంగలా కూచున్నాను.
విటేనిస్ తలుపు తోసి
వెల్లుల్లి రాసి వేయించిన నల్లరొట్టె బల్ల మీద పెట్టాడు.
"కంట్లో ఏం పడింది?" అన్నాడు.
"ఏడోది" అన్నాను.
అర్థంకాక ఉప్పు తేవడానికి వెళ్ళాడు.

ఆ పత్రాన్ని అరవై మూడు మంది ఉదహరించారు.
ఈ పురుగులు
మందును తట్టుకునే గుట్టు పిల్లలకే ఇవ్వవు,
పక్కనుంచి పోతున్న పరాయివాటికీ అందిస్తాయి.
నా పళ్ళెమూ అలాగే
ఒకరి పట్టికలోంచి ఇంకొకరి పట్టికలోకి
చప్పుడు లేకుండా పోయి ఉంటుంది.
దానివల్ల ఎవరికీ హాని జరగలేదు.
ఈ వాక్యం ఎంతమంది జవాబుల్లో చదివానో!
చదివిన ప్రతిసారీ పక్కన పెన్సిల్‌తో
ఒక ప్రశ్నార్థకం పెట్టాను.
ఇప్పుడూ పెట్టాను.

తరవాత ఫారం తెరిచాను.
ఫిర్యాదు చేస్తున్నవారు: ఔష్రినే.
పత్ర రచయిత: ఔష్రినే.
సదరు రచయితతో మీకు పరిచయం ఉందా?
ఉంది, టిక్కు పెట్టాను.
ఎలాంటి పరిచయమో వివరించండి,
రెండు వందల అక్షరాలు మించకుండా.

ఎదురుగా కిటికీ గట్టు మీద
పసుపు ముక్కలు, వాటి తేదీలు.
బయట నాలుగైనా కాలేదు, చీకటి.
మొదటి వాక్యం రాసి కొట్టేశాను.
రెండోది రాసి కొట్టేశాను.
గడి కింద అంకె మళ్ళీ
రెండు వందలు చూపిస్తోంది.
రొట్టె చల్లారిపోయింది.
విటేనిస్ ఇంకా ఉప్పు వెతుకుతున్నాడు.